చేతుల లెక్క

జెనరేటర్ ఆగిన చప్పుడు
తుఫాను చప్పుడు కంటే పెద్దది.
సామార్ దీవి తూర్పు కొసన, పైకప్పు సగం లేచిపోయిన మా వార్డులో
వెంటిలేటర్లు మూడూ
మాట మధ్యలో ఊరుకున్న మనుషుల్లా ఊరుకున్నాయి.

అప్పటినుంచి గాలి చేతుల్లోంచే.
రబ్బరు సంచి పిండాలి, వదలాలి, అయిదు లెక్కపెట్టాలి.
మళ్ళీ పిండాలి.
ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమంటే ఏమిటో
ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను:
నిమిషానికి పన్నెండు సార్లు.
పావుగంటకి బొటనవేలి మొదట్లో నొప్పి,
అరగంటకి అది మోచేయి దాటుతుంది.

ఒకటో మంచం మీద క్రిసాంతో బాదిల్లా,
పడవలు చేసే వడ్రంగి, డెబ్భై నాలుగేళ్ళు.
చుట్టూ పదకొండుమంది. కొడుకులు, కోడళ్ళు, ఓ మనవడు.
వంతులేసుకున్నారు. ఒకరు పిండుతుంటే ఒకరు నిద్రపోయారు.
రెండో మంచం మీద బడిపంతులమ్మ.
ఆమెకి భర్త, ఇద్దరు చెల్లెళ్ళు.
మూడో మంచానికి పేరు లేదు.
ఇరవై ఉంటాయేమో. మణికట్టుకి టేపు అంటించి నేనే రాశాను:
ఆకుపచ్చ గౌను, కొబ్బరితోటలో దొరికింది.
ఆమెకి నేను.
నన్ను ఇంకో ఇరవై ఆరుగురు పిలుస్తున్నారు.

బంధుబలగం అనే మాటలో
బలం ఎంతుందో ఆ రాత్రి తూచి చూశాను.
మాకు నేర్పిన పట్టికలో వయసుంది, మూత్రపిండాలున్నాయి,
బతికే అవకాశానికి అంకెలున్నాయి.
ఎన్ని చేతులున్నాయి అనే గడి
ఏ కాగితంలోనూ లేదు.

డాక్టర్ ఎర్లిండా
తడిసిన కేసు షీటు వెనక పెన్సిలుతో గీతలు గీసింది.
సిరా పాకిపోతుంది, పైగా
చెరపడానికి వీలుండాలి, అంది.
"ఈ రాత్రికి చేతులన్నీ వార్డువి"
అని బాదిల్లా కుటుంబాన్ని మూడుగా చీల్చింది.
పెద్దకోడలు శాపనార్థాలు పెట్టింది. పెడుతూనే
పంతులమ్మ మంచం దగ్గరికి నడిచింది.
పధ్నాలుగేళ్ళ మనవడు ఇంటోయ్ మూడో మంచానికొచ్చాడు.
ముక్కూ మొహం తెలియని అమ్మాయి తల పక్కన
మోకాళ్ళ మీద కూర్చుని
ఉసా, దుహా, తులో, ఉపత్, లిమా.
పిండు.
ఉసా, దుహా.

నాలుగింటికి, ఇంకా చీకటే,
ఒక బాలింతని తలుపుచెక్క మీద మోసుకొచ్చారు.
పెదాలు నేరేడుపండు రంగు.
సంచులు మూడే.
అప్పటికి గంట నుంచీ క్రిసాంతో కనుపాపలు
టార్చిలైటుకి కదలడం లేదు.
గుండె కొట్టుకుంటూనే ఉంది. ఆ సంగతి దాచను.
డాక్టర్ కొడుకులతో గోడవారన మాట్లాడింది,
నూట ఇరవై పిండుళ్ళంత సేపు.
తర్వాత నా వైపు తలూపింది.
తీశాను.
చేతులారా అనే మాటని
మళ్ళీ నేను తేలిగ్గా వాడలేదు.

ఇంటోయ్ అటు తిరిగి చూశాడు.
లెక్క తప్పలేదు.

బాలింత మధ్యాహ్నం దాకా ఉంది.
పంతులమ్మ ఇప్పటికీ పాఠాలు చెబుతోంది.
ఆకుపచ్చ గౌనుని మూడోరోజు మిలటరీ విమానం సెబూ తీసుకెళ్ళింది,
ఏమైందో మాకెవరూ రాయలేదు.
నా రిజిస్టరులో ఆ వరుస ఇంకా ఖాళీ.

ఆర్నెల్లకి విచారణ కమిటీ వచ్చింది.
కొత్త పైకప్పు, కొత్త ఫ్యాను కింద కూర్చుని
ఏ ప్రమాణం ప్రకారం, అంది.
డాక్టర్ పెన్సిలు కాగితం బల్ల మీద పెట్టింది.
నేను నీళ్ళు నమిలాను.

నిన్న చేపల రేవులో ఇంటోయ్ కనిపించాడు.
నాకంటే ఎత్తయ్యాడు. అరచేతుల్లో బాడిస కాయలు.
కుశలం అడగలేదు.
"ఆ రాత్రి నేను తాత సంచి పట్టుకుని ఉంటే
నా చేతిలోంచి లాక్కునేవారా?"

లిమా దాకా లెక్కపెట్టాను.
మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.
చేపల బుట్ట కింద పెట్టి
అతనింకా నిలబడే ఉన్నాడు.